కుక్కకు చెప్పిన మాటలు

"మకోన్సూ, పెద్దావిడని అడుగు, టీ ఇంకొంచెం కావాలేమో" అన్నాడు జాబతీస్.

మకోన్స్ ముసలి నల్లకుక్క. అది ముందు జాబతీస్ వైపు చూసింది. తరవాత మంటకి అవతల వీపు తిప్పి కూర్చున్న అతని అత్తగారి వైపు చూసింది. ఇద్దరి దగ్గరా తినడానికి ఏమీ లేదని తేల్చుకుని మళ్ళీ తల పాదాల మీద ఆనించింది.

"మకోన్సూ, అదే ఆకుని మూడోసారి కూడా ఉడకేస్తే దాన్ని టీ అనరని చెప్పు" అంది ముసలామె, నీళ్ళ వైపే చూస్తూ.

మావాళ్ళలో అల్లుడు అత్త ముఖం చూసి మాట్లాడడు. అత్త అల్లుడి కళ్ళలోకి చూడదు, పేరెత్తదు. పగ ఉండి కాదు, గౌరవం అలా ఉంటుంది మరి. బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నోరు జారి ఆనక నాలుక్కరుచుకునే అత్తాఅల్లుళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో ఎంతమంది లేరు! మాట మోయడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. జాబతీస్ ఇంట్లో ఏడేళ్ళుగా ఆ పని అతని భార్య ఆంజెనిక్‌ది. మోసే దారిలో ఆ మాటకి కాస్త మేపుల్ బెల్లం కూడా కలిపేది. తల్లి "ఆ దుప్పిగాడికి వల విప్పడం ఎప్పటికొస్తుందే" అంటే, ఆంజెనిక్ మొగుడి దగ్గరికొచ్చి "అమ్మ వల ఓసారి చూడమంటోంది" అనేది.

మకోన్స్‌కి ఆ తెలివితేటలు లేవు. రెండు రోజులుగా జాబతీస్ అత్తగారి మాటల్ని బెల్లం లేకుండా వింటున్నాడు.

ఆమె పేరు నీబినోక్వే. డెబ్భై ఏళ్ళకి దగ్గర పడింది. మనిషి పిడికెడు. ముందుపళ్ళు రెండూ కాస్త ఎత్తు. జాబతీస్ అలా కాదు, గుమ్మం దగ్గర వంగితే గానీ ఇంట్లోకి రాలేని మనిషి. వేరే సరస్సు నుంచి వచ్చినవాడు. ఏడేళ్ళలో అతను అత్తగారి పేరు ఒక్కసారి కూడా పలకలేదు.

వాళ్ళు వచ్చింది విత్తనం కోసం.

కిందటి శరదృతువు దాకా ఈ గుట్ట చుట్టూ వాళ్ళ ఊరే. గుట్ట కింద అఖాతం నిండా నివ్వరి వడ్లు. ఎవరూ దున్నకుండా, ఎవరూ నాటకుండా నీళ్ళల్లోంచి లేచే పంట. దోనెలు వేసుకుని, కర్రలతో మెల్లగా తట్టి రాల్చుకోవడం ఒక్కటే మనిషి పని. కరెంటు కంపెనీవాళ్ళు నదికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. ఎక్కడో పట్నాల్లో దీపాలు వెలగాలట, అందుకని ఇక్కడ ఊరు మునగాలట. ఇళ్ళకి బదులు ఇళ్ళిస్తామన్నారు, వడ్లకి బదులు పిండి బస్తాలిస్తామన్నారు, గుట్టమీది సమాధుల్ని జాగ్రత్తగా తరలిస్తామన్నారు. స్ట్రాబెర్రీలు పండాక గానీ ఆనకట్ట తలుపులు దించం అన్నారు. ఊరు పది మైళ్ళ అవతల రాళ్ళ సరస్సు ఒడ్డుకి మారింది. ఆ సరస్సులో చేపలున్నాయి గానీ నివ్వరి గింజ ఒక్కటి లేదు.

నీబినోక్వే పిండి బస్తాల మాట నమ్మలేదు. ఆకులు రాలేటప్పుడే ఒక గోనెడు పచ్చి వడ్లు తీసి, వేయించకుండా, ఎండబెట్టకుండా, తడిగానే మూటకట్టి గుట్టకింద ఊటగుంటలో ముంచిపెట్టింది. నివ్వరి విత్తనానికి తడి ఆరిందంటే ప్రాణం పోయినట్టే. తిండిగింజ ఎండలో ఉండాలి, విత్తనపుగింజ నీళ్ళల్లో ఉండాలి. ఊటగుంట చలికాలం గడ్డకట్టదు. చుట్టూ దుంగలతో గూడు కట్టి, పైన తన భుజాలు పట్టేంత సందు వదిలింది. ఎలుగుబంట్లు చెయ్యి పెట్టకూడదని అంత చిన్న సందు. అల్లుడి చెయ్యి సంగతి అప్పుడు ఆమెకి తట్టలేదు. మంచు కరగ్గానే వచ్చి తీసుకెళ్ళి, కొత్త సరస్సులో చల్లుకోవాలని ఆలోచన.

కంపెనీవాళ్ళు స్ట్రాబెర్రీల దాకా ఆగలేదు. సరస్సు మీద మంచుగడ్డ విరిగిన వారానికే తలుపులు దించేశారు. కబురు తెలియగానే జాబతీస్ దోనె దించాడు. ఆంజెనిక్ కూడా రావలసిందే గానీ ఆమెకి నెలలు నిండాయి, కూర్చుంటే లేవలేకపోతోంది. "మీ ఇద్దరూ వెళ్ళి రండి. మాటకి మకోన్స్ ఉందిగా" అని నవ్వింది. మాట మోసే మనిషి లేకుండా అత్తా అల్లుడూ ఒక దోనె ఎక్కడం, అదీ జరిగిన పొరపాటు.

గుట్ట చేరిన మొదటి మధ్యాహ్నం అతను దోనెని నీళ్ళల్లోనే వదిలి ఒక మొద్దుకి కట్టాడు. ఒడ్డుకి లాగాల్సింది. వెనకాల అత్తగారు దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఏదో చెప్పాలనుకుంటోందని అతనికి తెలిసింది. కానీ తల తిప్పి చూడ్డం మర్యాద కాదని తిప్పలేదు. ఆమె కూడా "దోనె లాగరా నాయనా, అదిగో దిబ్బ కదులుతోంది" అని అరవడం మర్యాద కాదని అరవలేదు. పక్కన మకోన్స్ ఉండుంటే దానితో చెప్పేది. అది కుందేళ్ళ వెంట పడి గుట్ట అవతలికి పోయింది. చిత్తడినేలల కిందికి నీళ్ళు చేరితే నాచూ వేళ్ళూ పొదలూ అన్నీ కలిసి అడుగు విడిచి, ఎకరాలకెకరాలు చాపలా పైకి తేలతాయి, గాలి ఎటు తోస్తే అటు పోతాయి. అలాంటి దిబ్బ ఒకటి మెల్లగా వచ్చింది. దోనెని మొద్దుకేసి నొక్కింది. బెరడుదోనె పగిలిన చప్పుడు అయ్యాక గానీ జాబతీస్ తల తిప్పలేదు.

దోనె పోయింది. మొద్దుకి కట్టిన తాడొక్కటి మిగిలింది. తేలుడు దిబ్బలు మూడువైపులా గుట్టని చుట్టేశాయి. వాటిమీద అడుగేస్తే నడుం దాకా దిగబడుతుంది. ఈదుదామంటే అర మైలు మంచునీళ్ళు, కింద మునిగిన అడవి. జాబతీస్ ప్రయత్నించకపోలేదు. ఒకసారి దిబ్బమీద పడుకుని పాకాడు. పది బారలు పాకాక కింద చెయ్యి గుచ్చుకుపోయి, ముఖం నాచులో కూరుకుపోయి, వెనక్కి రావడానికి పాకిన దానికి మూడింతలు సేపు పట్టింది.

"మకోన్సూ, నాచు రుచి ఎలా ఉందో అడుగు" అంది అత్తగారు.

రెండోరోజు పొద్దున్న అతను నీటి అంచున పాతిన పుల్ల చూసుకున్నాడు. జానెడు మునిగింది. గుట్ట ఒకప్పుడు ఊరి పిల్లలంతా జారుడు ఆడుకునేంత పెద్దది. ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకి అరవై అడుగులు. దానిమీద వాళ్ళిద్దరే కాదు. నీళ్ళకి భయపడి ఎక్కిన కుందేళ్ళు పొదల కింద ఒకదాన్నొకటి నొక్కుకుని కూర్చున్నాయి. ఒక ముళ్ళపంది దేవదారు కొమ్మ మీద ఉంది. రాళ్ళ సందుల్లో నీరుకట్టు పాములు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. నిన్నటి దాకా కుందేళ్ళని తరిమిన మకోన్స్ ఇవాళ వాటిని చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూస్తే జాబతీస్‌కి నీళ్ళని చూసినప్పటికంటే ఎక్కువ భయం వేసింది. ఎటు నడిచినా ముప్ఫై అడుగుల్లో నీళ్ళే. కూర్చుంటే ఊపిరాడదు, లేస్తే పోవడానికి చోటు లేదు. ఆకాశం కూడా గుట్టమీద మూతపెట్టినంత కిందికి దిగింది.

సమాధులు గుట్ట కొసన ఉన్నాయి. ఒక్కోదాని మీద చిన్న చెక్క ఇల్లు, లోపలి వాళ్ళకి అన్నం పెట్టడానికి చిన్న కిటికీ. తరలిస్తామన్న కంపెనీవాళ్ళు ఒక్క పలక కూడా కదపలేదు. కింది వరస ఇళ్ళు కప్పుల దాకా మునిగాయి. నీబినోక్వే మొగుడి ఇల్లు పై వరసలో ఉంది. ఆమె తన వంతు రొట్టెలోంచి ఒక ముక్క తుంచి, ఆ కిటికీలో పెట్టింది. ఇద్దరికీ కలిపి మిగిలింది అర రొట్టె, నాలుగు ఎండుచేపలు.

"మకోన్సూ, ఊటగుంట ఎక్కడో పెద్దావిడని అడుగు" అన్నాడు జాబతీస్.

"రెండు దేవదార్ల మధ్యనుంచి సూటిగా చూడమను. ఆ వంగిన చెట్టు కొన కనిపిస్తోంది కదా, దానికి ఇవతల. నిన్న వచ్చేసరికే మనిషిన్నర లోతుంది. ఇవాళ ఇంకో జానెడు" అంది ఆమె. చేత్తో అటు చూపించి, "దిబ్బ అంచు చూడమను. గాలి తిరిగితే రేపటికి దాని నెత్తిమీదికొస్తుంది. వచ్చి కూర్చుందంటే ఇక మన వడ్లు మనవి కావు" అంది.

అతను చూశాడు. దిబ్బ అంచుకీ చెట్టు కొనకీ మధ్య పదిహేను అడుగుల నీళ్ళు. బావమరిది మిషెల్ వాళ్ళు వెతుక్కుంటూ రావడానికి ఇంకా రెండు రోజులన్నా పడుతుంది. విత్తనం అప్పటిదాకా ఆగదు. పుట్టబోయే బిడ్డ నివ్వరి వడ్ల గంజితో పెరుగుతుందా, కంపెనీ పిండితో పెరుగుతుందా అన్నది ఆ పదిహేను అడుగుల్లో ఉంది.

బట్టలు విప్పి దిగాడు. దిగేముందు మొక్కుకుని నీళ్ళమీద చిటికెడు పొగాకు వేశాడు. అత్తగారు ముఖం అటు తిప్పుకుంది.

చలికి మొదటిసారి గుండె పట్టేసినట్టయి, సగం లోతునుంచే పైకొచ్చేశాడు. రెండోసారి అడుగు దొరికింది. కళ్ళు తెరిస్తే అంతా టీ రంగు నీళ్ళు. చేతులతో తడుముకుంటూ పోయాడు. చెట్టు కొమ్మలు వీపు గీరాయి. దుంగల గూడు తగిలింది. సందు తగిలింది. భుజం దాకా చెయ్యి దూర్చాడు. వేళ్ళ చివర్లకి గోనె బట్ట తగిలింది, పట్టుకి అందలేదు. ఇంకాస్త అని రెండో భుజం కూడా తోశాడు. ఇరుక్కుంది.

కదల్లేదు. ముందుకి పోదు, వెనక్కి రాదు. చెవుల్లో తన నెత్తురు తనకే వినిపిస్తోంది. నోరు తెరవాలని ఒళ్ళంతా గోల పెడుతోంది. 'ఆంజెనిక్' అనుకున్నాడు. అంతకుమించి ఏమీ అనుకోలేకపోయాడు. కాళ్ళు రెండూ దుంగకి తన్ని వెనక్కి లాక్కుంటే భుజం మీది చర్మం అక్కడే ఉండిపోయి మనిషి బయటికొచ్చాడు.

ఒడ్డున పడి వణుకుతుంటే పక్కన కంబళి ఉంది. మంట రెండింతలు పెరిగి ఉంది. అత్తగారు ఎప్పటిలాగే వీపు తిప్పి కూర్చుంది.

"మకోన్సూ, ఇక దిగొద్దని చెప్పు. నా కూతురికి మొగుణ్ణి వెతకడం ఒకసారికే తల ప్రాణం తోకకొచ్చింది" అంది.

"ఇంకోసారి దిగితే అందుతుందని చెప్పు మకోన్సూ" అన్నాడు అతను, పళ్ళు టకటకలాడుతుంటే.

"అందదని చెప్పు. ఆ సందు నా కొలతకి చేసింది."

పొద్దు వాలుతుండగా ఆమె లేచి దేవదారు మొదట్లో నీడకి ఇంకా మిగిలిన మంచుని కాలితో తట్టి చూసింది. సృష్టి కథలు మంచు ఉన్నన్నాళ్ళే చెప్పుకోవాలి. కప్పలు కూయడం మొదలయ్యాక చెబితే అవి పక్కల్లోకి వస్తాయంటారు.

"మకోన్సూ, ఇదిగో పిడికెడు మంచుంది. నీకో కథ చెబుతాను, విను" అంది. కుక్క నిద్రపోతోంది. జాబతీస్ కంబళిలో ముడుచుకుని నీళ్ళవైపు తిరిగి విన్నాడు.

"ఒకప్పుడు ఇలాగే నీళ్ళొచ్చాయి. కొండలు కూడా మునిగిపోయాయి. మొదటి మనిషి ఒక దుంగమీద కూర్చున్నాడు. ఎక్కగలిగిన జంతువులన్నీ ఎక్కాయి. ఎన్నాళ్ళున్నాయో తెలీదు. అడుగునుంచి పిడికెడు మన్ను తెస్తే దాంతో మళ్ళీ నేల చేద్దామన్నాడు. మునుగుబాతు నేను పోతానంది. రోజంతా పోయి ఉత్త ముక్కుతో వచ్చింది. నీటికుక్క అదెంత పని అని పోయింది, వెల్లకిలా తేలింది. తెడ్డులాంటి తోకతో ఈదే బీవర్ పోయింది. దాని తోక చూసి అందరూ ఇదే తెస్తుందనుకున్నారు. అదీ రాలేకపోయింది. పెద్దపెద్దవాళ్ళంతా అయిపోయారు, భుజాలున్నవాళ్ళంతా." ఇక్కడ ఆమె ఆగి మంటలో పుల్ల సర్దింది. "అప్పుడు చివర్న కూర్చున్న నీటి ఎలుక, నేను వెళ్ళనా అంది. అందరూ పకపకా నవ్వారు. నువ్వా, ఆ పళ్ళేసుకునా, అన్నారు."

దూరంగా దిబ్బ మీదనుంచి కప్ప ఒకటి కూసింది. ఒకే ఒక్క కప్ప. ఆ ఏటికి అదే మొదటిది.

నీబినోక్వే నోరు మూసుకుంది. "అంతే మకోన్సూ. కథకి తలుపు పడింది. మిగతాది వచ్చే చలికాలం" అంది.

మిగతాది జాబతీస్‌కి తెలుసు. మావాళ్ళలో తెలియనివాడెవడు? కానీ ఆ కథ ఆమె ఎవరికోసం చెప్పిందో ఆ సాయంత్రం అతనికి అర్థం కాలేదు. భుజాలున్నవాళ్ళంటూ తనని ఎత్తిపొడిచిందనుకున్నాడు, ఉడుక్కున్నాడు. తరవాత బతికినన్నాళ్ళూ ఆ ఉడుకుమోత్తనానికి సిగ్గుపడ్డాడు.

తెల్లారి లేచేసరికి గాలి తిరిగింది. దిబ్బకీ చెట్టు కొనకీ మధ్య ఆరడుగులు కూడా లేవు. నీబినోక్వే అప్పటికే నీటి అంచున ఉంది. దోనె తాడు ఒక కొస నడుముకి కట్టుకుంటోంది. రెండో కొస మకోన్స్ మెడలో వేసింది.

"ఇది తీసుకెళ్ళి ఆయనకివ్వు మకోన్సూ" అంది.

జాబతీస్ గబగబా లేచాడు. "మకోన్సూ, వద్దని చెప్పు! ఆ నీళ్ళు మనిషి తట్టుకునేవి కావని చెప్పు. నేనే ఇంకోసారి..."

"చిన్నప్పుడు ఈ అఖాతంలో వలరాళ్ళు పడిపోతే మునిగి తీసింది నేనేనని చెప్పు. పెళ్ళి కుదిరేదాకా నా పేరే నీటి ఎలుక అని కూడా చెప్పు. మూడుసార్లు తాడు గుంజుతాను, అప్పుడు లాగమను. ఆపకుండా లాగమను. మధ్యలో ఆపితే కొమ్మల్లో చిక్కుకుంటుంది" అంది. గొంతు తగ్గించింది. "దోనె కట్టడం రాదు గానీ, తాడు పట్టుకునే చెయ్యి మాత్రం గట్టిది. ఏడేళ్ళుగా చూస్తున్నా. ఈ మాట మాత్రం ఆయనకి చెప్పకు."

అతనికి వినబడింది. పది అడుగుల దూరంలో ఉన్నాడు, వినబడకేం?

పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపి ఉండొచ్చు. అత్తగారి చెయ్యి పట్టుకోవడమా! ఆ ఆలోచన రావడానికే ఎంతోసేపు పట్టింది. అప్పటికే ఆమె పైబట్టలు విప్పుతోంది. అతను, మర్యాద తెలిసిన అల్లుడు, తాడు భుజాన వేసుకుని వీపు తిప్పాడు.

నీళ్ళు కదిలిన చప్పుడయింది. తాడు చేతిలోంచి జారుతూ పోయి ఆగింది. అతను లెక్కపెడుతూ నిలబడ్డాడు. ముప్ఫై లెక్కపెట్టాక వెనకాల నీళ్ళు చిందిన చప్పుడు, గాలి పీల్చిన చప్పుడు. హమ్మయ్య అనుకున్నాడు. మళ్ళీ మునిగిన చప్పుడు. మళ్ళీ ముప్ఫై, నలభై. మళ్ళీ పైకి. ఈసారి దగ్గు. "మకోన్సూ, పెద్దావిడని వచ్చెయ్యమను" అని అరిచాడు. మళ్ళీ మునిగిన చప్పుడే వినిపించింది.

మూడోసారి యాభై దాటింది. తాడు మూడుసార్లు గుంజుకుంది.

లాగాడు. వెనక్కి చూడకుండా, తాడు భుజాన బిగించి గుట్ట పైకి నడిచాడు. బరువుగా ఉంది. ఇంత పిడికెడు మనిషి ఇంత బరువేంటి, నీళ్ళు మింగిందేమో అనుకుని ఇంకా గట్టిగా లాగాడు. ఏదో ఒడ్డుకి తగిలింది. మకోన్స్ మొరిగింది. మొరిగి, ఒడ్డుకొచ్చిన దాన్ని వాసనైనా చూడకుండా నీళ్ళకేసి తిరిగి మూలగడం మొదలుపెట్టింది.

అప్పుడు తిరిగాడు. తాడు చివర గోనె ఉంది. దానిమూతికి ఆమె ముడి, వలలకి వేసే ముడి, శుభ్రంగా వేసి ఉంది. ఒకే తాడు. గోనెనీ మనిషినీ కలిపి లాగదు. ఆ సంగతి ఆమెకి ముందే తెలుసు.

"నీబినోక్వే!" అని అరిచాడు జాబతీస్. ఏడేళ్ళలో మొదటిసారి.

బట్టలతోనే దూకాడు. మొదటి మునకలో కొమ్మలే దొరికాయి. రెండో మునకలో తలమీద దిబ్బ అంచు తగిలింది, వెలుగు పోయింది, ఏది పైనో ఏది కిందో తెలియలేదు. మూడో మునకలో జుట్టు చేతికి తగిలింది. ఆమె గూటికి ఇవతలే ఉంది, లోపావడా చెట్టు వేరుకి తగులుకుని ఉంది. చించేసి, నడుం చుట్టూ చెయ్యి వేసి పైకి తెచ్చాడు.

చెయ్యకూడని పనులన్నీ చేశాడు. ఎత్తుకున్నాడు. బోర్లా వేసి నీళ్ళు కక్కించాడు. తడిబట్టలు తీసి కంబళిలో చుట్టి తన ఒళ్ళో పెట్టుకుని మంట దగ్గర కూర్చున్నాడు. ఆమె చేతుల్ని తన చేతుల మధ్య రుద్దాడు. దుంగలు గీరి వేళ్ళు చిట్లి ఉన్నాయి. "అత్తా, కళ్ళు తెరువు. నీ కూతురికి నేనేం చెప్పాలి? అత్తా!" అన్నాడు. ఏడుస్తున్నాడు, దాచుకోలేదు.

చాలాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది. ముఖం ఇంత దగ్గరగా ఉండటం చూసి కళ్ళు పక్కకి తిప్పుకుని, కుక్కకోసం వెతికింది.

"మకోన్సూ" అంది. పెదవుల మీదే ఉంది మాట. "గోనె గాలికి పడి ఉందని చెప్పు."

"విన్నాను అత్తా. నాతోనే చెప్పు."

"ముందు నీళ్ళల్లో పెట్టమను మకోన్సూ. ఎండనివ్వొద్దని చెప్పు. ఏడుపు తరవాత ఏడవమను."

ఆమెని దించి వెళ్ళడానికి అతనికి మనసొప్పలేదు. ఆమె కళ్ళు గోనెమీంచి కదల్లేదు. చివరికి లేచి, గోనెని ఒడ్డున లోతు తక్కువ నీళ్ళల్లో ముంచి, తాడు దేవదారుకి రెండు ముళ్ళేసి కట్టి వచ్చాడు. ఇరవై అడుగులు పోయి ఇరవై అడుగులు వచ్చాడు, అంతే. వచ్చేసరికి మకోన్స్ ఆమె చెయ్యి నాకుతోంది. ఆ చెయ్యి కుక్కని తోసెయ్యడం లేదు.

ఆ పగలూ మర్నాడూ అతను గుట్టమీద ఒక్కడే ఉన్నాడు. చుట్టూ అవే నీళ్ళు, అవే కుందేళ్ళు. పుల్ల మునుగుతుంటే పీకి పైకి పాతాడు. అతను గోనె తడి చూస్తూ, ఆమె పక్కన కూర్చుని మాట్లాడాడు. ఏడేళ్ళ మాటలు. మొదటి ఏట వల చింపింది తనేనని, ఎలుగు కాదని చెప్పాడు. ఆమె చేసే చేపల పులుసు తన తల్లి చేసేదానికన్నా బాగుంటుందని, ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేకపోయానని చెప్పాడు. చెప్పాల్సినవి అయిపోయాక, చుట్టూ కప్పలు గోల పెడుతుండగా, ఆమె ఆపేసిన కథ అందుకున్నాడు. కప్పలొస్తే రానీ అనుకున్నాడు.

మిషెల్ మరో ఇద్దరితో గొడ్డళ్ళు పట్టుకుని దిబ్బని నరుక్కుంటూ వచ్చింది ఆ సాయంత్రమే. దూరంనుంచే వాళ్ళకి మాటలు వినిపించాయి.

"అదిగో, బావ మకోన్స్‌తో మాట్లాడుతున్నాడు. అంటే పక్కన అమ్మ ఉన్నట్టే" అని నవ్వాడు మిషెల్. దోనె ఒడ్డుకి తాకేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

"...పైకి తేలేసరికి దానికి ప్రాణం లేదు" అంటున్నాడు జాబతీస్. "ముందుకాలు బిగించి ఉంది. విప్పి చూస్తే మన్ను. పిడికెడే. తాబేలు తన వీపు ఇచ్చింది, దానిమీద పెట్టారు. అత్తా, వింటున్నావా? అదే మనం నడిచే నేల."

మిషెల్ చేతిలో గొడ్డలి దించాడు. రోజూ బావని ఆటపట్టించేవాడు, తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

రాళ్ళ సరస్సు చేరేసరికి పొద్దెక్కింది. ఆంజెనిక్ ఇంటిముందు రెండురోజుల పసిదాన్ని ఎత్తుకుని నిలబడి ఉంది. దోనెలో కంబళి చుట్టిన ఆకారాన్ని చూసింది. నీళ్ళలోకి మోకాలి దాకా దిగి తల్లి నుదుటిమీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంది. తరవాత మొగుడివైపు తిరిగింది.

"అమ్మ ఏమంది?"

ఏడేళ్ళూ ఆ మనిషి మాట ఈ మనిషికి మోసింది ఆమె. ఇవాళ మోయడం అతని వంతయింది. బెల్లం కలపడం జాబతీస్‌కి రాదు.

"గోనె ముందు నీళ్ళల్లో పెట్టమంది. ఎండనివ్వొద్దంది. ఏడుపు తరవాత ఏడవమంది."

ఆంజెనిక్ తలూపింది. "ఇంకేమైనా అందా?"

"అంది" అన్నాడు. "అది మాత్రం నాకు చెప్పొద్దని మకోన్స్‌తో అంది."

ఆంజెనిక్ పసిదాన్ని మిషెల్ చేతికిచ్చింది. గోనె ఒక కొస తను పట్టుకుంది, రెండో కొస అతను పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని మోసుకెళ్ళి సరస్సులో దించారు. దించి, తాడు గట్టిగా కట్టి, అప్పుడు ఏడ్చారు.